పిల్లల బడి వాకిట్లో టెన్సైల్ కప్పు (గుడ్డని లాగి కట్టే కప్పు): "ఈసారి డప్పులా బిగిస్తాం" అంటున్నారు, నమ్మొచ్చా?

మధురవాడ టీచరమ్మ
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మధురవాడలో నాకు చిన్న ప్లేస్కూల్ ఉంది, 32 మంది పిల్లలు. ముందు వాకిలి 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. పొద్దున పదింటికే బండలు కాలిపోతాయి, పిల్లల్ని బయటికి వదలలేం. అందుకని పోయిన ఏడాది ఒకాయనతో తెల్లటి గుడ్డ కప్పు వేయించాను, అప్పటి ఫోటో పెడుతున్నాను. నాలుగు మూలలూ ఒకే ఎత్తు. రెండు కొక్కేలు ఇంటి గోడకి, రెండు పిట్టగోడ మీద నిలబెట్టిన పైపులకి.

సెప్టెంబరులో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. గంటలో గుడ్డ నడుమ నీళ్ళు చేరి గేదె పొట్టలా కిందకి దిగిపోయింది. నేనూ మా ఆయా కర్రతో పైకి పొడుద్దామని బయటికి వచ్చేలోపే ఒక పైపు, దాని కింద నాలుగు వరసల ఇటుకలతో సహా ఊడి వాకిట్లో పడింది. పిల్లలు వెళ్ళిపోయి అప్పటికి నలభై నిమిషాలైంది. ఆ నలభై నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు ఇంకొకాయన వచ్చి చూశారు. "పాతవాళ్ళు వదులుగా కట్టారమ్మా, అందుకే నీళ్ళు నిలిచాయి. మేం డప్పులా బిగిస్తాం, గీత గీసినట్టు నిలబడుతుంది" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఇటుకలు ఊడిన చోటు చూసినప్పుడల్లా గుండె జారుతుంది. ఇంకా గట్టిగా లాగితే గోడ ఇంకా తొందరగా రాదా? మన విశాఖ గాలికి అసలు ఇలాంటి కప్పు వేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సిరిపురం సివిల్
శనివారం, రాత్రి 10:05

అమ్మా, మీ భయం సరైనదే. ఆయన మాట తప్పు.

ఇంట్లో దండెం సంగతి చూడండి. తీగ కాస్త వేలాడుతుంటే తడి దుప్పటి వేసినా మేకు కదలదు. అదే తీగని గీతలా లాగి కట్టి అదే దుప్పటి వేస్తే మేకు పెళ్ళలతో ఊడొస్తుంది. దుప్పటి బరువు మారలేదు, మారింది వంపు.

దీనికి చిన్న లెక్క ఉంది. మీటరుకి మోసే బరువుని పొడవు వర్గంతో హెచ్చవేసి, వంపుకి ఎనిమిది రెట్లతో భాగిస్తే కొసలని అడ్డంగా లాగే బలం వస్తుంది. 8 మీటర్ల తాడు, మీటరుకి 100 కిలోల బరువు అనుకోండి. నడుమ 1 మీటరు వంగితే కొసల దగ్గర లాగుడు 800 కిలోలు. 25 సెంటీమీటర్లే వంగితే 3,200 కిలోలు. 10 సెంటీమీటర్లయితే 8,000 కిలోలు. నిజానికి తాడు సాగుతుంది, కాబట్టి బరువు పడ్డాక ఉండే వంపునే లెక్కలో వేయాలి. అయినా సంగతి మాత్రం మారదు. బిగించేకొద్దీ భారం గోడ మీదికి పోతుంది. కైలాసగిరి రోప్‌వే తాడు ఎప్పుడైనా నిదానంగా చూడండి, ఎంత వంగి ఉంటుందో. అది వదిలేసిన వంపు కాదు, లెక్క కట్టి ఇచ్చిన వంపు.

ఇక డప్పు మాట. డప్పు చర్మం అంత బిగుతుగా నిలవడానికి చుట్టూ చెక్క కట్టు ఉంటుంది. చర్మం లోపలికి లాగే బలమంతా ఆ కట్టు నొక్కుడుగా మోస్తుంది. సైకిల్ చక్రం కూడా అంతే. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి 2010 కామన్వెల్త్ క్రీడల కోసం వేసిన కప్పు ఇదే సూత్రం: బయట ఉక్కు వలయం, లోపల తాళ్ళ వలయం, మధ్యలో గుడ్డ. మీ వాకిట్లో ఆ కట్టు లేదు. మీ డప్పుకి కట్టు మీ పిట్టగోడ. ఇటుక గోడ పైనుంచి బరువు మోయడానికే గానీ పక్కకి లాగడానికి పనికిరాదు.

పోయిన ఏడాది నీళ్ళు నిలిచింది వదులుగా కట్టినందుకు కాదు, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో పెట్టినందుకు. మూడు మీటర్ల వెడల్పు గుంటలో సగటున 15 సెంటీమీటర్ల నీళ్ళంటే టన్ను దాటుతుంది. ఎంత బిగించినా సమతలంగా ఉన్న గుడ్డ మీద మొదటి చెంబుడు నీళ్ళు నడుమకే చేరతాయి. అవి గుడ్డని కాస్త దించుతాయి, దిగినచోటికి ఇంకాసిని వస్తాయి. అలా పెరుగుతూ పోతుంది.

పందిళ్ళ వాళ్ళబ్బాయి
శనివారం, రాత్రి 10:40

మాది టెంట్ హౌస్, తాతల నాటి నుంచి. సార్ చెప్పిన లెక్క మాకు రాదు గానీ పని అదే. వాన మబ్బు కనిపిస్తే మా నాన్న మొదట చేసే పని, ఒక మూల గుంజని రెండడుగులు దించడం. నీళ్ళు అటు జారిపోతాయి. చిన్నప్పుడు "ఎందుకు నాన్నా వంకరగా కడుతున్నావు, పెళ్ళివారు ఏమనుకుంటారు" అని అడిగేవాణ్ణి. "తిన్నగా ఉన్న షామియానా నీళ్ళ తొట్టి అవుతుందిరా" అనేవాడు.

మేకు సంగతి కూడా చెబుతాను. మేకుని నిటారుగా దిగగొడితే నిలవదు. తల టెంటుకి అవతలి వైపుకి వాలాలి, తాడు దాదాపు దానికి అడ్డంగా పడాలి. రుషికొండ వైపు ఇసుకలో అదీ నిలవదు. అక్కడ ఇసుక బస్తాకి నడుమున తాడు కట్టి, మూడడుగుల గొయ్యి తవ్వి పాతేసి, మీద ఇసుక తొక్కుతాం. నలుగురు మనుషులు లాగినా రాదు. ముందు పట్టు చూసుకుని తరువాతే గుడ్డ విప్పుతాం. టీచరమ్మ గారూ, మీ దగ్గరికి వచ్చినాయన గుడ్డ శాంపిళ్ళు చూపించి ఉంటారు. పునాది గురించి ఏమన్నారో అడగండి.

భీమిలి రోడ్డు
ఆదివారం, ఉదయం 6:50

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, క్షమించండి. పసిపిల్లలు ఉన్నచోట గుడ్డలూ తాళ్ళూ ఎందుకు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మధ్యాహ్నం మేం ఇంట్లో మంచం కింద దూరి కూర్చున్నాం. విమానాశ్రయం టెర్మినల్ కప్పే చాలావరకు లేచిపోయింది. కైలాసగిరి మీద చెట్లు మిగల్లేదు. ఆ గాలి చూసినవాళ్ళెవరూ ఈ ఊళ్ళో గుడ్డ కప్పు వేయమని చెప్పరు. స్లాబు వేయించండి. డబ్బు చాలకపోతే రేకులు వేయించండి.

సిరిపురం సివిల్
ఆదివారం, ఉదయం 8:15

కటువేం లేదండీ, ఆ రోజు చూసినవాళ్ళం అందరం అలాగే ఆలోచిస్తాం. కానీ ఆ రోజు గాలిలో ఎగిరి మనుషుల్ని భయపెట్టినవి ఎక్కువగా రేకులే. గుడ్డ చిరిగితే కొట్టుకుంటుంది, రేకు ఊడితే కత్తిలా వస్తుంది. రేకుకైనా గుడ్డకైనా గాలి ఒకటే, పట్టు ఒకటే కావాలి.

ఎంత పట్టు కావాలో చూద్దాం. గాలి భారానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో విశాఖకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. టీచరమ్మ గారి వాకిలి 54 చదరపు మీటర్లు. మొత్తం ఎనిమిది టన్నులు. చుట్టూ ఇళ్ళు ఉండటం, ఎత్తు తక్కువ కావడం దీన్ని కొంత తగ్గిస్తాయి, ఆకారాన్ని బట్టి కొన్నిచోట్ల పెరుగుతుంది కూడా. కానీ చూడాల్సిన కొలత ఇదీ. ఇందులో పెద్ద భాగం పైకి లేపే బలం కావచ్చు. పీవీసీ పూత గుడ్డ బరువు చదరపు మీటరుకి ఒక కిలో అటూఇటూ, మొత్తం యాభై కిలోలు. అంటే తన బరువుతో తాను నిలబడే అవకాశమే లేదు. స్లాబుని దాని బరువే కూర్చోబెడుతుంది. గుడ్డని కూర్చోబెట్టేది నేలలో ఉన్న కాంక్రీటు. ఘనపు మీటరు కాంక్రీటు 2.4 టన్నులు. కంటికి కనిపించే కప్పు తేలిక, కనిపించని పునాది బరువు.

ఇది అర్థమైతే వేయొచ్చు. అర్థం కాకుండా వేస్తే పిట్టగోడ కథే.

ఆర్కి నాలుగో ఏడు
ఆదివారం, ఉదయం 11:30

ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నాను, ఈ విషయం అంటే నాకు ప్రాణం. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికపట్టండి.

టీచరమ్మ గారూ, మీకు కావాల్సిన ఆకారం మీ ఇంట్లోనే చేసి చూడొచ్చు. పాత బనియన్ గుడ్డ ఒకటి చతురస్రంగా కత్తిరించండి. నలుగురు తలో మూల పట్టుకోండి. నలుగురూ ఒకే ఎత్తులో లాగి, నడుమ ఒక నిమ్మకాయ వేయండి. దిగుతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకున్న ఇద్దరు చేతులు పైకెత్తండి, మిగతా ఇద్దరు కిందకి దించండి. గుడ్డ గుర్రపు జీనులా తిరుగుతుంది. ఇప్పుడు నిమ్మకాయ నడుమ ఆగదు, కింది మూలకి దొర్లిపోతుంది. నడుమన అరచేత్తో కిందకి నొక్కండి, పై మూలల నుంచి వచ్చే పోగులు పట్టుకుంటాయి. కింద నుంచి పైకి తోయండి, దిగువ మూలలకి పోయే పోగులు పట్టుకుంటాయి. వానకి ఒక వరస, గాలికి ఒక వరస. ఒకటి బిగిస్తే రెండోది కూడా బిగుసుకుంటుంది. నులక మంచం అల్లినట్టే. ఒక వైపు తాళ్ళు మాత్రమే ఉంటే మంచం కాదు, రెండు వైపులా అల్లి కాళ్ళ దగ్గర తాడు లాగితేనే మనిషిని మోస్తుంది.

ఈ జీను ఆకారంతో మొదట పెద్ద భవనం ఊహించినవారిలో మాథ్యూ నోవిట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒకరు. అమెరికాలోని రాలీ నగరంలో పశువుల సంతలకీ ప్రదర్శనలకీ ఒక పెద్ద శాల. రెండు కాంక్రీటు కమానులు ఒకదానికొకటి వెనక్కి వాలి కిందన దాటుకుంటాయి, వాటి మధ్య తాళ్ళు వేలాడతాయి, వాటికి అడ్డంగా ఇంకో వరస తాళ్ళు కిందకి పట్టి ఉంచుతాయి. ఆయన చండీగఢ్ నగర ప్రణాళిక మీద కూడా పనిచేశారు. 1950లో మన దేశం నుంచి తిరిగి వెళుతూ ఈజిప్టులో విమానం కూలి చనిపోయారు. శాల 1952లో పూర్తయింది, ఆయన చూడలేదు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగోలేదు.

తరువాత జర్మన్ ఆర్కిటెక్టు ఫ్రై ఒట్టో. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఖైదీగా ఉన్నప్పుడు, ఏ సామానూ దొరకని శిబిరంలో ఉన్నదానితో కట్టడం నేర్చుకున్నారు. తీగ చట్రాలని సబ్బు నీళ్ళలో ముంచి తీసి, ఆ పొర ఏ ఆకారం తీసుకుంటే అదే కప్పుకి ఆకారం అన్నారు. సబ్బు పొరలో ఏ వైపు చూసినా లాగుడు సమానం, ఉన్న అంచుల మధ్య అతి తక్కువ విస్తీర్ణంలో సర్దుకుంటుంది. 1967 మాంట్రియల్ ప్రదర్శనలో జర్మనీ మండపం, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కప్పు అలా వచ్చినవే. మ్యూనిక్ కప్పు దాదాపు 75 వేల చదరపు మీటర్లు, 75 సెంటీమీటర్ల గళ్ళున్న ఉక్కు తాళ్ళ వల, మీద అక్రిలిక్ పలకలు. మన ఫిషింగ్ హార్బర్‌లో వలలు కర్రల మీద ఆరేసి ఉంటే నాకు ఎప్పుడూ అదే గుర్తొస్తుంది. ఆర్కిటెక్టులకి ఇచ్చే పెద్ద బహుమతి, ప్రిట్జ్‌కర్ పురస్కారం, ఆయనకి 2015లో వచ్చింది. ప్రకటించడానికి ఒక రోజు ముందే కన్నుమూశారు.

మధురవాడ టీచరమ్మ
ఆదివారం, సాయంత్రం 5:45

బనియన్ పని చేశాం! మా ఆయా, వాచ్‌మన్, మా అబ్బాయి, నేను. నిమ్మకాయ మూడుసార్లు వేశాం, మూడుసార్లూ కింది మూలకే పోయింది. మా ఆయా నొక్కి చూసి "అమ్మా, ఇది మంచంలా ఉంది" అంది, ఆమె ఈ చర్చ చదవలేదు.

అయితే ఇంకోటి గమనించాను. లాగినప్పుడు బనియన్ అంచులు లోపలికి చంద్రవంకలా తిరిగిపోతున్నాయి. నిజం కప్పుకీ అంతేనా? అలాగైతే నీడ తగ్గిపోదా? వచ్చినాయన అంచులు తిన్నగా ఉంచుతామన్నారు, అందుకే ఆయన మాట నచ్చింది నాకు.

సిరిపురం సివిల్
ఆదివారం, రాత్రి 9:10

మంచి ప్రశ్న అమ్మా. ఇక్కడే చాలామంది మోసపోతారు.

అంచు కూడా దండెమే. గుడ్డ దాన్ని లోపలికి లాగుతుంది, ఆ అంచు తాడుకి వంపు ఇవ్వకపోతే లాగుడు విపరీతంగా పెరుగుతుంది, లేదా అంచు వదులై గాలికి టపటపా కొట్టుకుంటుంది. కొట్టుకునే గుడ్డ కొన్నాళ్ళకే కుట్ల దగ్గర చీలుతుంది. పొడవులో పదో వంతు లోపలికి వంగనివ్వడం మామూలు. మీ 9 మీటర్ల అంచు 90 సెంటీమీటర్లు, 6 మీటర్ల అంచు 60 సెంటీమీటర్లు. నాలుగు వైపులా కలిపి 15 చదరపు మీటర్లకి పైగా పోతుంది. 54లో మిగిలేది సుమారు 38. నిజమే, పెద్ద కోత. దాచకుండా చెప్పాల్సిన విషయం ఇది. వీలైతే స్తంభాలని వాకిలి హద్దు దాకా జరపండి, లేదా ఎండ ఎటు నుంచి వస్తుందో చూసి ఆ వైపు మూల దించండి. పిల్లలు ఆడేది పది నుంచి పన్నెండు లోపల అయితే తూర్పు, ఆగ్నేయం వైపు మూల కిందికి ఉంటే ఉన్న గుడ్డతోనే వాళ్ళకి నీడ ఎక్కువ దొరుకుతుంది.

ఎత్తులు ఇలా ఆలోచించండి: ఎదురెదురు రెండు మూలలు 5 మీటర్లు, మిగతా రెండు 3 మీటర్లు. నడుమ 4 మీటర్లు వస్తుంది. మూల నుంచి మూలకి దాదాపు 11 మీటర్ల దూరంలో ఒక వైపు మీటరు కిందకి, రెండో వైపు మీటరు మీదకి వంపు. పని జరిగే వంపు అది.

స్తంభాలకి వెనక్కి తాళ్ళు కడితే సన్నటి పైపు చాలు. కానీ పిల్లలు పరిగెత్తే చోట నేల దాకా వచ్చే తాడు వద్దు, మెడకి తగులుతుంది. తాడు లేకుండా నిలబెట్టాలంటే స్తంభం లావుగా ఉండాలి, పునాది లోతుగా ఉండాలి. 4 మీటర్ల ఎత్తున 2 టన్నులు లాగితే అడుగున 8 టన్ను-మీటర్ల వంచుడు బలం. పిట్టగోడ మీద బోల్టు వేసిన పైపు దానికి ఏ మూలకీ రాదు. డబ్బు అక్కడ పెట్టండి.

గాజువాక కుట్టుమిషన్
ఆదివారం, రాత్రి 10:25

నేను బ్లౌజులు కుడతాను, ఇంజనీర్‌ని కాదు. ఒక్క మాట చెప్పొచ్చా? గుడ్డకి పడుగు (నిలువు పోగు) ఉంటుంది, పేక (అడ్డ పోగు) ఉంటుంది. పోగు వెంట లాగితే సాగదు. ఏటవాలుగా, మేం క్రాస్ అంటాం, అలా లాగితే ఎంతైనా సాగుతుంది. టీచరమ్మ గారి పాత గుడ్డ ఫోటోలో మూలల దగ్గర ఏటవాలు ముడతలు ఉన్నాయి. అవి వంపు లేని గుడ్డని నలుచదరంగా కత్తిరించి మూలల్లో లాగినందువల్ల వచ్చినవి. ఒంటికి వంపు ఉన్నచోట ఒకే ముక్కతో కుడితే జాకెట్టు ముడత పడుతుంది, అందుకే డాట్లు వేస్తాం, ముక్కలు చేసి కలుపుతాం. ఈ కప్పు కూడా జీనులా తిరగాలంటే ఒకే తాను పరిచి కత్తిరిస్తే కుదరదు కదా?

సిరిపురం సివిల్
ఆదివారం, రాత్రి 10:50

అమ్మా, మీరు చెప్పింది ఈ పనిలో సగం. రెండు వైపులా వంపున్న ఆకారాన్ని బల్ల మీద పరచలేం. అందుకే పొడుగు పట్టీలుగా కోస్తారు, ప్రతి పట్టీకి అంచు కొద్దిగా వంపుగా ఉంటుంది, వాటిని వేడితో అతికిస్తారు. పైగా కొంచెం చిన్నదిగా కోస్తారు, లాగినప్పుడు సరిపోయేలా. అల్లికలో పేక పోగు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి చాలా గుడ్డల్లో పడుగు కన్నా పేక ఎక్కువ సాగుతుంది. కాబట్టి ఆ తగ్గింపు రెండు వైపులా వేరువేరు. టీచరమ్మ గారూ, వచ్చినాయన్ని "కటింగ్ ప్యాటర్న్ చూపించండి" అని అడగండి. తాను పరిచి నలుచదరం కోస్తామంటే ఆయనకి ఈ పని తెలియదు.

ఎంవీపీ మేడ మీద
సోమవారం, ఉదయం 7:30

మధ్యలో అడుగుతున్నాను. మాది మేడ మీద, సముద్రం కిలోమీటరు. పచ్చ వల కట్టాలా, పీవీసీ గుడ్డ కట్టాలా? పోయినసారి వల రెండు ఎండలకి పొడిపొడి అయింది.

ఆర్కి నాలుగో ఏడు
సోమవారం, ఉదయం 9:00

నర్సరీల్లో వాడే పలుచని వల కాదండీ, నీడ కప్పుల కోసమే అల్లిన హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గుడ్డ వేరే ఉంటుంది, ఎండని తట్టుకునే మందు కలిపి చేస్తారు. గాలి దూరుతుంది, వేడి కింద చిక్కుకోదు. వాన మాత్రం కారుతుంది. పీవీసీ పూత వేసిన పాలిస్టర్ వానని ఆపుతుంది, మంచి రకం పదిహేను, ఇరవై ఏళ్ళు వస్తుంది. అన్నిటికన్నా మన్నేది గాజు పోగు మీద టెఫ్లాన్ పూత. జెడ్డా విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ 1981 నాటిది, 45 మీటర్ల చదరాలు 210, అన్నీ ఆ గుడ్డే. దాని ఇంజనీర్ ఫజ్లుర్ ఖాన్ ఇప్పటి బంగ్లాదేశ్‌లో పుట్టినాయన. కానీ అది మడతపెడితే గాజు పోగు విరుగుతుంది, విప్పి మళ్ళీ కట్టే కప్పుకి పనికిరాదు. మీ మేడకీ టీచరమ్మ గారి బడికీ హెచ్‌డీపీఈ గుడ్డే నయం అనుకుంటాను.

హార్బర్ ఖలాసీ
సోమవారం, రాత్రి 8:30

ఓడల పనిలో ముప్పై ఒక్క ఏళ్ళు రిగ్గింగ్ (తాళ్ళు కట్టి బిగించే పని) చేసి రిటైరయ్యాను. ఇంత మాట్లాడారు, తాడు గురించి ఎవరూ మాట్లాడలేదు. కప్పు ఊడేది గుడ్డ దగ్గర కాదు, గుడ్డని పట్టుకున్న ముక్క దగ్గర.

మొదటిది, క్లిప్పులు. ఉక్కు తాడు మడిచి కొస కట్టేటప్పుడు వేసే యు ఆకారం క్లిప్పు ఉంటుంది కదా. దాని పీట ఉన్న వైపు బరువు మోసే పొడుగు తాడు మీద పడాలి, యు వంపు పొట్టి కొస మీద పడాలి. తిరగేసి వేస్తే యు వంపు మోసే తాడునే నలిపి తీగలు తెంపుతుంది. ఊళ్ళో ఎన్ని చోట్ల తిరగేసి ఉన్నాయో, నడుస్తుంటే కంటపడతాయి. కనీసం మూడు వేయాలి. తాడుకి బరువు పడ్డాక సన్నబడుతుంది, అప్పుడు నట్లు మళ్ళీ బిగించాలి. ఈ రెండోసారి బిగించడం ఎవరూ చేయరు.

రెండోది, ఉప్పు గాలి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగ వాడొద్దు. తొడుగు లోపల నీళ్ళు చేరి కుళ్ళుతుంది, పైకి పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటుంది. స్టెయిన్‌లెస్ కొంటే 316 రకం అని అడగండి. 304 రకం మన తీరంలో తొందరగా గోధుమరంగు మరకలు పడుతుంది. స్టెయిన్‌లెస్ షాకిల్‌ని (కొస తగిలించే యు ఆకారపు కొక్కెం) జింకు పూత ప్లేటుకి నేరుగా తగిలించొద్దు, తడిలో జింకు తినేస్తుంది, మధ్య నైలాన్ వాషర్ పెట్టండి.

మూడోది, టర్న్‌బకిల్, అంటే తిప్పితే తాడు బిగిసే మర. స్టెయిన్‌లెస్ మరలు ఒకదానికొకటి పట్టేసి బిగుసుకుపోతాయి, తిప్పబోతే విరుగుతాయి. గ్రీజు రాయండి. బిగించాక కన్నంలోంచి సన్న తీగ దూర్చి కట్టేయండి, లేకపోతే గాలి అదురుడుకి తనంతట తనే విప్పుకుంటుంది.

చూసే పద్ధతి చెబుతాను. నెలకోసారి పాత నూలు గుడ్డ పట్టుకుని తాడు వెంట మెల్లగా జరపండి. చేత్తో వద్దు, కోసుకుంటుంది. ఒక్క తీగ తెగినా గుడ్డ అక్కడ చిక్కుకుని పోగు వదులుతుంది. కంటికి కనిపించనిది ఆ గుడ్డకి తెలుస్తుంది. కొసల దగ్గర రెండుసార్లు చూడండి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. తుపానుకి ఎదురు నిలబెట్టే కప్పు కావాలా, తుపాను ముందు దించే కప్పు కావాలా? మన పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే పడవలు వెనక్కి వస్తాయి. వలలు తెచ్చి కట్టేస్తారు. మా వాళ్ళెవరూ పడవతో తుపానుకి ఎదురు నిలవాలనుకోరు. గుడ్డ దిగేలా కట్టించుకోండమ్మా. స్తంభాలు మాత్రం నిలబడాలి.

భీమిలి రోడ్డు
సోమవారం, రాత్రి 9:15

బాబాయ్ గారి చివరి మాట నాకు నచ్చింది. నేను స్లాబు అన్నది భయంతో. దించగలిగే కప్పు అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకటి, దించేది ఎవరు? హుద్‌హుద్‌కి ముందు రోజు కూడా సగం ఊరు "మన దాకా రాదులే" అనుకుంది. పైగా ఆ కప్పు బిగించిన కంపెనీవాళ్ళే వచ్చి దించాలంటే ఆ రోజు ఎవరూ రారు.

సిరిపురం సివిల్
సోమవారం, రాత్రి 9:40

నిజం. కాబట్టి నిచ్చెన వేసుకుని ఇద్దరు మనుషులు విప్పగలిగేలా మూలలు ఉండాలి. ఇంకో సంగతి. దించాలనుకున్నా దించలేని రోజు ఒకటి వస్తుంది, వేసవిలో మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచే గాలివాన లాంటిది. అందుకని దించే కప్పు కదా అని పునాదులు చిన్నవి చేయొద్దు. 2022 ఫిబ్రవరి తుపానులో లండన్‌లో ఓ2 అనే పెద్ద గుడ్డ గోపురం పట్టీలు కొన్ని చిరిగాయి, పన్నెండు స్తంభాలూ తాళ్ళూ నిలబడ్డాయి. చిరిగినచోట కొత్త గుడ్డ వేశారు. ముందు పోయేది గుడ్డ కావాలి, స్తంభం కాకూడదు.

మధురవాడ టీచరమ్మ
మూడు వారాల తరువాత, ఆదివారం, మధ్యాహ్నం 12:10

మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

వచ్చినాయన్ని మీరు చెప్పినవే అడిగాను. మూలల ఎత్తు తేడా ఎంత, అంచుకి వంపు ఎంత, ఒక్కో మూల ఎంత లాగుతుంది, పునాది ఎంత. మొదటి రెండిటికి జవాబు చెప్పారు, మూడో దానికి "అంత లెక్కలు ఎవరూ వేయరమ్మా" అన్నారు. మర్యాదగానే వద్దన్నాను. తరువాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఫీజు కట్టి డ్రాయింగ్ వేయించుకున్నాను, దాన్ని పట్టుకుని ఇంకొకరితో పని చేయించాను.

పిట్టగోడని ముట్టుకోలేదు. నాలుగు లావు స్తంభాలు, వాకిలి హద్దు మీద. రెండు ఎత్తు, రెండు తక్కువ, తక్కువ మూల ఒకటి ఆగ్నేయం వైపు. ఒక్కో గొయ్యి తవ్వుతుంటే పక్కింటివాళ్ళు "బావి తవ్విస్తున్నారా" అని అడిగారు. మొత్తం ఖర్చులో సగానికి పైగా మట్టిలోకే పోయింది. గుడ్డ హెచ్‌డీపీఈ, పట్టీలుగా కోసినది. గాజువాక అక్క గారూ, మూలల్లో ఒక్క ముడత లేదు, మీకు ఫోటో పెడుతున్నాను. నీడ తగ్గింది, నిజమే. పది గంటలకి ఇసుక తొట్టి వరకు వస్తుంది, బండల సగం ఎండలోనే ఉంటుంది. ఆ సగంలో కుండీలు పెట్టాను.

మొన్న గురువారం రాత్రి వాన పడింది. నిద్ర పట్టక టార్చి పట్టుకుని వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. గుడ్డ మీద నీళ్ళు నిలవలేదు. కొంత కారింది, మిగతాది కింది మూల నుంచి ధారగా కుండీలోకి పడుతోంది. స్తంభం మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాను. కదల్లేదు.

భీమిలి రోడ్డు అన్నయ్య గారూ, దించేది ఎవరని అడిగారు కదా. నేను, మా ఆయా, వాచ్‌మన్. నిన్న ముగ్గురం నిచ్చెన వేసి దించి చూశాం. మొదటిసారి 35 నిమిషాలు పట్టింది, ఒక టర్న్‌బకిల్ కదల్లేదు. హార్బర్ బాబాయ్ గారు చెప్పినట్టు మరలు తుడిచి గ్రీజు రాసి మళ్ళీ కట్టి, మళ్ళీ దించాం. 18 నిమిషాలు.

హార్బర్ ఖలాసీ
ఆదివారం, మధ్యాహ్నం 1:05

చాలా సంతోషం తల్లీ. సన్న తీగ కట్టడం మర్చిపోలేదు కదా? ఫోటోలో ఎడమ పై మూలకి కనిపించడం లేదు.

మధురవాడ టీచరమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 1:30

మర్చిపోయాం బాబాయ్ గారూ. ఇప్పుడే కట్టించాను.